ఎన్నాళ్లని కాదు... ఎలా అని!

ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే పలకరించడానికి చుట్టపక్కాలంతా వస్తారు. పెంపుడు కుక్కకు క్యాన్సర్ అని తెలిస్తే మాత్రం 'కుక్కే కదా' అనేవాళ్లే ఎక్కువ. కానీ ఆ ఇంట్లోవాళ్లకు ఆ రాత్రి ముద్ద దిగదు. వైద్యం చేయించాలా? చేయిస్తే బతుకుతుందా? ఎంతవరకూ చేయించాలి? ఎక్కడ ఆపాలి? ఈ ప్రశ్నలకు తొందరపడకుండా, తెలుసుకుని జవాబు చెప్పుకోవాలంటున్నారు పశువైద్యులు.

సాయంత్రం ఆరున్నర. గేటు చప్పుడైంది. స్కూటర్‌కి స్టాండు వేయకముందే టామీ పరిగెత్తుకొచ్చింది. పదేళ్లుగా రోజూ జరిగేదే. ఇంటాయన బ్యాగు పక్కన పెట్టి, అలవాటుగా దాని గొంతు కింద నిమిరాడు. చేతికేదో తగిలింది. గోలీకాయంత గడ్డ. రెండోవైపు తడిమాడు. అక్కడా ఉంది. టామీ మాత్రం ఇంకా నిమరమన్నట్టు మెడ చాచింది.

'ఏ పురుగో కుట్టి ఉంటుంది లెండి' అంది ఇల్లాలు. 'కాస్త పసుపు రాయండర్రా' అంది నానమ్మ. రెండు వారాలు గడిచాయి. గోలీకాయ కాస్తా నిమ్మకాయంత అయింది. అప్పుడు వెళ్లారు పశువైద్యుడి దగ్గరకు. ఆయన దవడ కిందే కాదు, భుజాల ముందు, తొడల వెనక కూడా తడిమి చూశాడు. సన్నటి సూదితో కాస్త నమూనా తీసి పరీక్షకు పంపాడు. రెండ్రోజుల తర్వాత ఫోన్. 'లింఫోమా అండీ. లింఫు గ్రంథుల క్యాన్సర్.'

టామీ అన్నది ఊరికే పెట్టుకున్న పేరు. మీ ఇంట్లో అది బ్రూనో కావచ్చు, రాజా కావచ్చు, పింకీ కావచ్చు. ఇలాంటి ఫోన్ ఏ ఇంటికైనా రావచ్చు. అమెరికా పశువైద్యుల సంఘం అంచనా ప్రకారం ప్రతి నాలుగు కుక్కల్లో ఒకదానికి జీవితకాలంలో ఏదో ఒక దశలో కణితి వస్తుంది. పదేళ్లు దాటిన వాటిలోనైతే దాదాపు సగానికి క్యాన్సర్ ముప్పు ఉంది. ఒకప్పుడు కుక్కలు ఏ అంటువ్యాధితోనో, ఏ లారీ కిందో పడి చిన్న వయసులోనే పోయేవి. ఇప్పుడు టీకాలు వేయిస్తున్నాం, మంచి తిండి పెడుతున్నాం, ఇంట్లోనే ఉంచుకుంటున్నాం. ఆయుష్షు పెరిగింది. దాంతోపాటే వయసుతో వచ్చే జబ్బులూ వచ్చాయి.

దానికి తెలియదు!

ఆ రాత్రి టామీ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు... ఒక్క టామీ తప్ప. అది తన గిన్నె ఖాళీ చేసి, ఎప్పట్లాగే పక్కవాళ్ల కంచాల వంక చూసింది.

మొత్తం విషయమంతా ఇక్కడే ఉంది. క్యాన్సర్ అన్న మాటకు భయపడేది మనమే. కుక్కకు ఆ మాట తెలియదు. వచ్చే ఏడాది ఉంటానో లేదో అన్న దిగులు దానికి లేదు. దానికి తెలిసింది ఇవాళ. ఇవాళ ఆకలేసిందా, నొప్పి పుట్టిందా, తనవాళ్లు పక్కన ఉన్నారా... అంతే. కాబట్టి వైద్యం గురించి ఆలోచించేటప్పుడు 'ఎన్నాళ్లు బతుకుతుంది?' అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. 'ఆ రోజులు ఎలా గడుస్తాయి?' అని కూడా అడగాలి. నిజానికి అదే ముందు అడగాలి. కుక్కల క్యాన్సర్ వైద్యమంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

ముందు పేరు తెలియాలి

గడ్డ కనిపించగానే క్యాన్సరే అనుకోనక్కర్లేదు. పెద్ద వయసు కుక్కల చర్మం కింద మెత్తగా కదిలే కొవ్వు గడ్డలు మామూలే. వాటివల్ల సాధారణంగా ప్రమాదం లేదు. అయితే ఏది కొవ్వు గడ్డో, ఏది కాదో చేత్తో నొక్కి చెప్పడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా కష్టమే. సూదితో కణాలు తీసి మైక్రోస్కోపు కింద చూడాలి. మత్తు కూడా అక్కర్లేని చిన్న పరీక్ష అది. దాంతో తేలకపోతే చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపుతారు. క్యాన్సర్ అని తేలాక రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్ చేయిస్తారు. జబ్బు ఎక్కడిదాకా పాకిందో తెలిసేది వాటితోనే.

ఇక్కడో ముఖ్యమైన జాగ్రత్త. గడ్డలు చూసి, పరీక్ష చేయించకుండానే స్టిరాయిడ్ మాత్రలు వేసేస్తుంటారు కొందరు. వాటితో లింఫోమా గడ్డలు కొన్నాళ్లు కరిగిపోతాయి. ఇంట్లోవాళ్లు తగ్గిందనుకుంటారు. తిరిగి వచ్చేసరికి అసలు జబ్బేమిటో తేల్చడం కష్టమవుతుంది. ఆ తర్వాత ఇచ్చే కీమోథెరపీ కూడా అంత బాగా పనిచేయదు. అందుకే ముందు పరీక్ష... తర్వాతే మందు.

గడ్డలే కాదు... మానని పుండ్లు, కారణం లేకుండా బరువు తగ్గడం, తిండి మానేయడం, నోటి నుంచో మరో చోటి నుంచో రక్తం కారడం, భరించలేని దుర్వాసన, మింగడానికి ఇబ్బంది, రోజుల తరబడి కుంటడం, నడకంటే బద్ధకించడం, ఆయాసం, మూత్రానికో మలానికో ముక్కడం... వీటిలో ఏది కనిపించినా రెండు వారాలకు మించి ఆగకూడదు. రక్తం కారుతున్నా, ఆయాసపడుతున్నా అసలే ఆగకూడదు.

ఎక్కడికి వెళ్లాలి? హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు సొంత ఆసుపత్రులున్నాయి. పక్క రాష్ట్రంలో మద్రాస్ పశువైద్య కళాశాల ఉంది. ముంబయిలో టాటా ట్రస్ట్స్ 2024లో పెంపుడు జంతువుల కోసం పెద్ద ఆసుపత్రి తెరిచింది. పెద్ద నగరాల్లో ప్రైవేటు క్లినిక్కులూ ఉన్నాయి. అయితే అన్నిచోట్లా అన్నీ ఉండవు. కుక్కలకు రేడియేషన్ ఇచ్చే సౌకర్యం మన దేశంలో చాలా అరుదు. వెళ్లేముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

అన్నీ ఒకటి కావు

'క్యాన్సర్' అనేది ఒక్క జబ్బు కాదు. కొన్ని పూర్తిగా నయమవుతాయి. కొన్ని మందుకు లొంగి, మళ్లీ తిరగబెడతాయి. కొన్ని దొరికేసరికే ఆలస్యమైపోతుంది.

మన వీధుల్లో తిరిగే కుక్కల్లో కనిపించే ఓ క్యాన్సర్ కథ విచిత్రంగా ఉంటుంది. అది జననాంగాల దగ్గర గోబీపువ్వులా పెరుగుతుంది. జతకట్టినప్పుడు ఒక కుక్క నుంచి మరోదానికి అంటుకుంటుంది. సోకేది క్రిమి కాదు, సాక్షాత్తూ క్యాన్సర్ కణాలే! 1876లోనే నొవిన్‌స్కీ అనే రష్యా పశువైద్యుడు ఈ కణితిని ఒక కుక్క నుంచి మరోదానికి అంటించి చూపించాడు. ప్రపంచంలోని ఈ కణితులన్నీ కొన్ని వేల ఏళ్ల కిందట ఆసియాలో బతికిన ఒకే ఒక్క కుక్క నుంచి మొదలయ్యాయని 2019లో శాస్త్రవేత్తలు జన్యువుల సాయంతో తేల్చారు. అంత పాత జబ్బయినా తేలిగ్గా లొంగుతుంది. వారానికో ఇంజెక్షన్ చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలిస్తే చాలా కుక్కలకు పూర్తిగా నయమవుతుంది. ఇది తెలియక, చూడ్డానికి భయంకరంగా ఉందని ఆ కుక్కల్ని ఊరికి దూరంగా వదిలేసి వస్తుంటారు.

ఆడకుక్కల్లో ఎక్కువగా వచ్చేది రొమ్ము కణితి. వీటిలో ఇంచుమించు సగం ప్రమాదం లేనివే. మిగతా సగం క్యాన్సర్లు. చిన్నగా ఉన్నప్పుడే తీయించేస్తే ఎక్కువ వాటికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది. మొదటిసారి ఎదకు రాకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ ముప్పు చాలా తగ్గుతుందని 1969లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఆ ఆధారాలు అనుకున్నంత గట్టివి కావని 2012లో మరో పరిశీలన తేల్చింది. పెద్ద జాతి కుక్కలకు మరీ చిన్న వయసులో ఆ ఆపరేషన్ చేస్తే కీళ్ల సమస్యలు రావచ్చు కూడా. కాబట్టి ఎప్పుడు చేయించాలన్నది జాతిని బట్టి డాక్టరునే అడగాలి.

పగ్, బాక్సర్, లాబ్రడార్‌లలో ఎక్కువగా కనిపించేది చర్మం మీద వచ్చే మాస్ట్ సెల్ కణితి. దోమ కుట్టినట్టూ ఉంటుంది, పులిపిరిలానూ ఉంటుంది. ఓ రోజు పెరుగుతుంది, ఓ రోజు తగ్గుతుంది. దీన్ని మూడు గ్రేడులుగా విడదీసింది పట్నాయక్ అనే పెథాలజిస్టు. 1984లో న్యూయార్క్‌లో 83 కుక్కల్ని పరిశీలించి ఆయన ఈ పద్ధతి చెప్పారు. ఆ పరిశీలనలో మొదటి గ్రేడు కుక్కల్లో 93 శాతం నాలుగేళ్ల తర్వాతా బతికే ఉన్నాయి. మూడో గ్రేడులో 6 శాతమే మిగిలాయి. పేరు ఒకటే. గ్రేడు మారితే కథే మారిపోతుంది. కుక్కల క్యాన్సర్ కోసమే తయారై అమెరికాలో మొట్టమొదట అనుమతి పొందిన మందు, 2009లో వచ్చిన టొసెరానిబ్ కూడా ఈ కణితి కోసమే.

గ్రేట్ డేన్, రాట్‌వైలర్, సెయింట్ బెర్నార్డ్ లాంటి భారీ జాతులకు ఎముక క్యాన్సర్ ముప్పు ఎక్కువ. కాలు కుంటుతుంది. బెణికిందేమో అనుకుంటారు. ఎక్స్‌రే తీస్తే అసలు సంగతి తెలుస్తుంది. కాలు తీసేయాలంటే మనకు గుండె జారిపోతుంది. కానీ నొప్పి పోయాక చాలా కుక్కలు రోజుల్లోనే మూడు కాళ్లతో నడక నేర్చేసుకుంటాయి. ఒక్క ఆపరేషన్‌తోనే ఆపేస్తే సాధారణంగా నాలుగైదు నెలలు, కీమో కూడా ఇస్తే 10 నుంచి 12 నెలలు బతుకుతాయి. ప్లీహంలో వచ్చే రక్తనాళాల క్యాన్సర్ వీటన్నిటికన్నా కఠినమైనది. ఆపరేషన్‌తో ఒకటి నుంచి మూడు నెలలు, కీమోతో నాలుగు నుంచి ఆరు నెలలు. లోపల రక్తస్రావమై కుక్క కుప్పకూలేదాకా బయటపడకపోవచ్చు.

ఇక టామీకి వచ్చిన లింఫోమా. ఏ మందూ వాడకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు. స్టిరాయిడ్ మాత్రలు మాత్రమే వేస్తే ఒకట్రెండు నెలలు. నాలుగు మందులు కలిపి ఇచ్చే కీమోథెరపీతో 80 నుంచి 90 శాతం కుక్కల్లో గడ్డలు కరిగిపోతాయి. బి-కణాల రకమైతే సుమారు ఏడాది, టి-కణాల రకమైతే ఆరు నుంచి ఎనిమిది నెలలు. పూర్తిగా నయమయ్యేవి తక్కువ.

ఈ నెలల లెక్కను అర్థం చేసుకోవడంలో చాలామంది పొరబడతారు. 'ఏడాది' అంటే మన కుక్క సరిగ్గా ఏడాది బతుకుతుందని కాదు. వంద కుక్కల్ని వరసలో నిలబెడితే మధ్యలో ఉన్నదాని లెక్క అది. సగం అంతకన్నా ముందే పోతాయి. సగం అంతకు మించి ఉంటాయి. కొన్ని రెండేళ్లు దాటుతాయి. మనది ఆ వరసలో ఎక్కడ నిలబడుతుందో ముందే చెప్పగలవాళ్లు లేరు.

ఓ ఇంట్లో మూడు మాటలు

ఆదివారం పొద్దున టామీ ఇంట్లో పంచాయితీ. 'ఎంతైనా సరే నాన్నా, మందులిప్పిద్దాం. నా పాకెట్ మనీ అంతా ఇచ్చేస్తా' అంది ఇంటర్ చదివే కూతురు. 'నోరులేని జీవాన్ని సూదులతో ఎందుకురా హింసపెట్టడం? మీ మామయ్యకు చూశాంగా ఆ మందులిచ్చినప్పుడు ఏమైందో' అంది నానమ్మ. ఇంటాయన మాట్లాడలేదు. పిల్ల ఫీజు కట్టాల్సిన నెల అది. డబ్బు సంగతి ఎత్తితే టామీ మీద ప్రేమ లేదంటారేమోనన్న బెరుకు.

ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

నానమ్మ భయం కీమోథెరపీ గురించి. మనుషులకు ఇచ్చే కీమో వేరు, కుక్కలకు ఇచ్చేది వేరు. మందులు చాలావరకు అవే. లక్ష్యమే తేడా. మనుషుల విషయంలో జబ్బును వేళ్లతో పెకిలించడానికి బాధల్ని ఓర్చుకుంటాం, ఎందుకో మనకు తెలుసు కాబట్టి. కుక్కకు ఎందుకో చెప్పలేం. అందుకే మోతాదు తక్కువ. ఉన్నన్నాళ్లూ హాయిగా ఉంచడమే ఉద్దేశం. చాలా కుక్కలు ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికొచ్చి అన్నం తింటాయి. ఆసుపత్రిలో చేర్చాల్సినంత ఇబ్బంది వచ్చేది ఇంచుమించు 20 కుక్కల్లో ఒకదానికి. జుట్టు కూడా సాధారణంగా ఊడదు. పూడుల్, షిట్జూ, లాసా లాంటి ఎడతెగకుండా జుట్టు పెరిగే జాతులకు మాత్రం పల్చబడుతుంది. మీసాలు రాలొచ్చు.

ఇందులో మనందరికీ తెలిసిన మొక్క ఒకటి ఉంది. బిళ్ల గన్నేరు! పెరట్లో, గోడ పక్కన, ఎవరూ నీళ్లు పోయకపోయినా గులాబీ రంగు పూలు పూసే ఆ మొక్క నుంచే విన్‌క్రిస్టిన్ తీస్తారు. లింఫోమాకు ఇచ్చే నాలుగు మందుల్లో అదొకటి. వీధికుక్కల అంటు కణితిని కరిగించేదీ అదే. అలాగని ఆకులు నూరి తాగించారో, ప్రాణం మీదికొస్తుంది. మొక్కంతా విషమే. అందులోంచి మందును వేరుచేసి, బరువును బట్టి చుక్కల లెక్కన, నరంలోకి మాత్రమే ఎక్కించాలి. నరం పక్కకు జారితే అక్కడి కండ దెబ్బతింటుంది. కోలీ లాంటి కొన్ని జాతులకు జన్యులోపం వల్ల ఈ మందు మరీ ఎక్కువగా పనిచేసి ప్రమాదం తెస్తుంది. కాబట్టి అలవాటున్న చేతులే కావాలి.

తండ్రి దిగులు డబ్బు. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. డాక్టరు దగ్గర మొదటిరోజే ఎత్తాల్సిన విషయం. మొత్తం ఎన్ని ఇంజెక్షన్లు, ప్రతిసారీ రక్తపరీక్షకు ఎంత, మధ్యలో ఆపేస్తే ఏమవుతుంది... కాగితం మీద రాయించుకోవాలి. కుక్క బరువును బట్టి మందు, మందును బట్టి ఖర్చు. తక్కువ మందులతో నడిచే, తక్కువసార్లు తిప్పే పద్ధతులూ ఉన్నాయి. పెంపుడు జంతువుల బీమా మన దేశంలోనూ దొరుకుతోంది కానీ, ముందే ఉన్న జబ్బులకు వర్తించదు.

ఇక అసలు కీమో వద్దనుకోవడం కూడా ఓ దారే. అది కుక్కను వదిలేయడం కాదు. నొప్పికి మందు, వాంతికి మందు, ఆకలి పుట్టే మందు, ఆకలి తగ్గకుండా ఇష్టమైన తిండి... ఇదీ వైద్యమే. వదిలేయడమంటే జబ్బుపడిన కుక్కను రాత్రిపూట ఏ హైవే పక్కనో దింపేసి రావడం. ఆకలితో, దాహంతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

చివరికి టామీ ఇంట్లో ఒక మాట అనుకున్నారు. రెండు నెలలు కీమో ఇప్పించి చూద్దాం. టామీకి కష్టంగా ఉంటే ఆపేద్దాం. ఈ షరతుకు నానమ్మ కూడా సరేనంది. వైద్యం మొదలుపెట్టేముందే ఎక్కడ ఆపాలో మాట్లాడుకోవడం ఏ ఇంటికైనా మేలు చేస్తుంది. కంగారులో తీసుకున్న నిర్ణయం కన్నా తీరిగ్గా కూర్చుని తీసుకున్నది మంచిది కదా.

ఇంట్లో ఇలా...

లింఫోమా కీమో మొత్తం 19 నుంచి 25 వారాలు. మొదట్లో వారానికోసారి, తర్వాత రెండు వారాలకోసారి. ప్రతి మోతాదుకూ ముందు రక్తపరీక్ష తప్పదు. ఇంజెక్షన్ తర్వాత మూడు నుంచి ఐదు రోజుల మధ్య వాంతులు, విరేచనాలు రావచ్చు. పెరుగన్నమో, ఉడికించిన చికెన్ కలిపిన మెత్తటి అన్నమో కొద్దికొద్దిగా పెడితే సర్దుకుంటుంది. వారం, పది రోజులకు తెల్లరక్త కణాలు బాగా తగ్గుతాయి. ఆ సమయంలో ఒంటి వేడి చూస్తుండాలి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. 103.5 దాటి, నీరసంగా పడుకుంటే మాత్రం అర్ధరాత్రయినా సరే డాక్టరుకు ఫోన్ చేయాలి.

స్టిరాయిడ్ వాడుతున్నన్నాళ్లూ విపరీతంగా ఆకలి, దాహం. ఎన్నడూ లేనిది ఇంట్లోనే మూత్రం పోసేస్తుంది. తిట్టకండి, అది మందు చేసే పని. మాటిమాటికీ బయటకు తిప్పడం అవసరం కూడా. నాలుగు మందుల్లో ఒకటి మూత్రాశయాన్ని ఒరిపిడి పెడుతుంది. మూత్రం ఆపుకుంటే రక్తం పడొచ్చు. ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులు మలమూత్రాల్లో మందు ఛాయలుంటాయి. గ్లవుజులు వేసుకునే శుభ్రం చేయాలి. గర్భిణులు, పసిపిల్లలు వాటికి దూరంగా ఉండాలి. కుక్కను ముట్టుకోవడానికి, నిమరడానికి మాత్రం భయం అక్కర్లేదు. దాని క్యాన్సర్ మనుషులకు అంటుకోదు.

మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు దానికి వేయకూడదు. 'ఫలానా ఊళ్లో ఆకు పసరు పోస్తారు' అన్న మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఏది పెట్టాలన్నా ముందు డాక్టరుకు చెప్పాలి. కీమో మందుతో కలిసి ఏది ఏం చేస్తుందో తెలియదు కదా.

మంచి రోజులు

మూడో వారానికి టామీ గడ్డలు చేతికి దొరకలేదు. రెండో నెలకల్లా పాత టామీ అయిపోయింది. పాలవాణ్ని చూసి మొరిగింది. నానమ్మ ఎండబెట్టిన వడియాల జోలికెళ్లి తిట్లు తింది. ఇంటాయన ఆఫీసు నుంచి కాస్త ముందే రావడం మొదలుపెట్టాడు. పదేళ్లలో ఎన్నడూ లేనిది, ఓ ఆదివారం అందరూ కలిసి టామీతో చెరువుగట్టు దాకా వెళ్లొచ్చారు.

దీన్నే వైద్యులు రెమిషన్ అంటారు. జబ్బు అణిగింది, పోలేదు. చాలా కుక్కల్లో కొన్ని నెలలకు తిరగబెడుతుంది. రెండోసారి మందు అంత బాగా పనిచేయదు, పనిచేసినా అంతకాలం నిలవదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ మధ్య నెలల్ని భయపడుతూ గడపక్కర్లేదు. ఆ రోజుల కోసమే కదా అంత ఖర్చూ, శ్రమా!

ఏడు ప్రశ్నలు

తొమ్మిదో నెలలో గోలీకాయ మళ్లీ చేతికి తగిలింది. ఈసారి మందు మార్చి రెండు ఇంజెక్షన్లు ఇచ్చారు. టామీకి వాంతులు తగ్గలేదు, గడ్డలూ తగ్గలేదు. మొదట్లో పెట్టుకున్న షరతు గుర్తొచ్చింది. కీమో ఆపేశారు. నొప్పి, వికారం తగ్గించే మందులు మాత్రం ఇచ్చారు. మిగిలింది ఒక్కటే ప్రశ్న... ఆ రోజు వచ్చిందని ఎలా తెలుస్తుంది?

అమెరికాలో పెంపుడు జంతువుల క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఇందుకో పద్ధతి చెప్పారు. ఏడు విషయాలకు సున్నా నుంచి పది దాకా మార్కులు వేయాలి. నొప్పి లేకుండా, ఊపిరి తేలిగ్గా ఆడుతోందా? తింటోందా? నీళ్లు ఒంటబడుతున్నాయా? ఒళ్లు శుభ్రంగా ఉంటోందా? మనల్ని చూస్తే సంతోషిస్తోందా? లేచి నడవగలుగుతోందా? చెడ్డ రోజుల కన్నా మంచి రోజులే ఎక్కువున్నాయా? మొత్తం 35కి మించితే దాని బతుకు ఇంకా బాగానే ఉన్నట్టు. వారానికోసారి ఇంట్లో ఒక్కొక్కరూ విడివిడిగా మార్కులు వేసి పోల్చి చూసుకుంటే మరీ మంచిది. ఎందుకంటే ప్రేమ కళ్లకు గంతలు కడుతుంది. నిన్న నాలుగడుగులు వేసింది కాబట్టి బాగుందనుకుంటాం. కుక్కలు నొప్పిని బయటపెట్టవు. ఊరికే రొప్పడం, రాత్రిళ్లు పడుకోలేక తిరగడం, మూలకు పోయి దాక్కోవడం, ఒకే చోట నాకుతుండటం... వాటి మూలుగు అదే. క్యాలెండరులో మంచి రోజుకు టిక్కు, చెడ్డ రోజుకు ఇంటూ పెట్టుకున్నా చాలు. ఇంటూలు వరసగా పడుతున్నప్పుడు కళ్లకు కడుతుంది.

టామీ ఇంటి క్యాలెండరులో ఆ నెల నాలుగో వారమంతా ఇంటూలే.

వెంట నడిచినందుకు

దయామరణం... ఆ మాట నోట్లోంచి రావడమే కష్టం. 'చేజేతులా చంపుకున్నట్టు కాదా?' అన్న బాధ మన ఇళ్లలో మరీ ఎక్కువ. అందుకని కొందరు 'దానంతటదే పోనీ' అంటారు. కానీ క్యాన్సర్ చివరి దశలో దానంతటదే పోవడమంటే చాలాసార్లు ఊపిరాడకో, తిండీ నీళ్లూ దిగకో పోవడం. నొప్పిని మందులతో అదుపు చేయగలిగినన్నాళ్లు ఆగొచ్చు. చేయలేనప్పుడు ఆగితే ఆ బాధ పడేది అదే.

ఏం జరుగుతుందో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. ముందు మగత కలిగించే ఇంజెక్షన్ ఇస్తారు. కుక్క నిద్రలోకి జారుకుంటుంది. తర్వాత మత్తుమందును ఎక్కువ మోతాదులో నరంలోకి ఎక్కిస్తారు. కొద్ది నిమిషాల్లో గుండె ఆగిపోతుంది. కళ్లు తెరిచే ఉండొచ్చు. చివర్లో ఒంట్లో చిన్న కదలిక కనిపించొచ్చు. అది నొప్పి కాదు. ఆ సమయంలో పక్కన ఉండాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే. మగత వచ్చేదాకా అయినా తెలిసిన చెయ్యి ఒకటి తల మీద ఉంటే, దానికి కొత్త చోటన్న బెదురు ఉండదు. తర్వాత ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. కొన్ని నగరాల్లో పెంపుడు జంతువుల దహనవాటికలున్నాయి.

పిల్లలకు ఏం చెప్పాలి? 'పల్లెటూరికి పంపించేశాం', 'నిద్రపోయింది' అంటే ఆ క్షణానికి గండం గడుస్తుంది. కానీ పిల్లలు గేటు దగ్గర ఎదురుచూస్తారు. లేదంటే నిద్రపోవడానికే భయపడతారు. 'జబ్బు పెరిగింది, మందు పనిచేయలేదు, చనిపోయింది, ఇక నొప్పి లేదు' అని నాలుగు చిన్న మాటల్లో నిజం చెప్పేయడమే మేలు. ఏడిస్తే ఏడవనివ్వాలి. పెద్దవాళ్లూ ఏడవొచ్చు. వారం తిరక్కుండా 'ఇంకోటి తెచ్చుకుందాం' అనడం మాత్రం తొందరే. పోయింది కుక్క కాదు, టామీ.

మనిషి క్యాన్సర్‌తో చేస్తున్న పోరాటంలోనూ కుక్క వెంట నడిచింది. ఎముకమజ్జ మార్పిడిని డొనాల్ థామస్ ఏళ్ల తరబడి కుక్కల మీద పరీక్షించాకే మనుషులకు చేయగలిగారు. ఆ కృషికే 1990లో నోబెల్ అందుకున్నారు. ఎముక క్యాన్సర్‌లో కాలు తీసేయకుండా కణితిని మాత్రమే తొలగించే శస్త్రచికిత్స మెరుగుపడటంలో జబ్బుపడిన కుక్కలకు చేసిన వైద్యం ఎంతో సాయపడింది. 2012 నుంచి అమెరికాలో మూడు వేలకు పైగా గోల్డెన్ రిట్రీవర్లను జీవితాంతం గమనిస్తూ క్యాన్సర్ ఎందుకొస్తుందో వెతుకుతున్నారు.

టామీని తీసుకెళ్లాల్సిన రోజు పొద్దున ఇంటాయన గడప దగ్గరే నిలబడిపోయాడు. 'తప్పు చేస్తున్నానా అమ్మా?' అన్నాడు. ఏడాది కిందట సూదులెందుకురా అన్న ఆ పెద్దావిడే జవాబు చెప్పింది. 'ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి కూడా రానన్నాడు. వదలకుండా ఉండటమే మన వంతురా. నువ్వు వదల్లేదు. పద, నేనూ వస్తా.'

కారు వెనక సీట్లో టామీ తల ఆవిడ ఒళ్లో ఉంది. చెరువుగట్టు వచ్చినప్పుడు కిటికీ అద్దం దించారు. గాలికి చెవులు కదిలాయి. టామీ కళ్లు తెరిచి బయటకు చూసింది. తోక ఒక్కసారి సీటు మీద టప్పున కొట్టుకుంది.